ధ్రువాల మంచు: 2012 రికార్డు ఇంకా అలాగే ఉందిగా, మరి ఏది కరుగుతున్నట్టు?

సందేహి:
ఆర్కిటిక్ సముద్రపు మంచు 2012 సెప్టెంబరులో సుమారు 34 లక్షల చదరపు కిలోమీటర్లకు పడిపోయింది. పదేళ్లు దాటినా ఆ రికార్డును ఏ ఏడాదీ బద్దలుకొట్టలేదు. ఐదు నుంచి ఏడేళ్లలో వేసవిలో అక్కడ అసలు మంచే ఉండకపోవచ్చని, అందుకు 75 శాతం అవకాశం ఉందని అమెరికా మాజీ ఉపాధ్యక్షుడు అల్ గోర్ 2009లో అన్నారు. ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది. ఇక అంటార్కిటికా చుట్టూ 2014లో సముద్రపు మంచు 2 కోట్ల చదరపు కిలోమీటర్లు దాటి, ఎక్కువలో రికార్డు పెట్టింది. ఇవి చెప్పగానే "నీకు సైన్స్ తెలీదు" అంటారు.

లెక్కలపిచ్చి:
సందేహి గారూ, గోర్ మాట గురించి మీతో వాదించను. గడువు పెట్టి చెప్పే జోస్యాలు "నాన్నా పులి" కథలాంటివే, అసలు పులి వచ్చినా ఎవరూ నమ్మరు.

కానీ 2012 మామూలు ఏడాది కాదు. ఆ ఆగస్టులో ఆర్కిటిక్‌లో పెద్ద తుఫాను వచ్చి, అప్పటికే పల్చబడ్డ మంచును చెల్లాచెదురు చేసింది. అందుకే ఒక్క ఏడాదిని కాకుండా వరసగా చూడండి. 1980లలో సెప్టెంబరు మంచు 70 లక్షల దరిదాపుల్లో ఉండేది. 2007 నుంచి ఒక్క సెప్టెంబరు కూడా 55 లక్షలు దాటలేదు. అంటార్కిటికా విషయంలో మీరు 2014 దగ్గరే ఆగిపోయారు. 2023లో అక్కడి శీతాకాలపు గరిష్ఠం 1.7 కోట్లకు కూడా చేరలేదు.

అసలు చిక్కు మన మాటలోనే ఉంది. పొగమంచూ మంచే, ఆకాశం నుంచి కురిసేదీ మంచే, నీటిమీద తేలే గడ్డా మంచే, నేలమీద కిలోమీటర్ల మందాన పేరుకున్నదీ మంచే! తేలే మంచు కరిగితే సముద్రమట్టం దాదాపు మారదు. నేలమీది మంచు కరిగి సముద్రంలో చేరితేనే పెరుగుతుంది. ఆ రెండో దాన్ని విస్తీర్ణంతో కాదు, బరువుతో కొలవాలి.

2002లో ఎగిరిన గ్రేస్ అనే జంట శాటిలైట్లు చేసింది అదే. ఒకదాని వెనక ఒకటి, మధ్యలో దాదాపు 220 కిలోమీటర్ల దూరం. కింద బరువైన మంచు రాగానే ముందున్నది దాని ఆకర్షణకు కాస్త ముందుకు జరుగుతుంది, మధ్య దూరం పెరుగుతుంది. వెంట్రుక మందం కన్నా తక్కువ తేడాను కూడా అవి పట్టేసేవి. నెలనెలా ఆ లాగుడు ఎంత మారిందో చూస్తే ఎంత బరువు పోయిందో తెలుస్తుంది. గ్రీన్‌లాండ్ ఏటా సుమారు 27,000 కోట్ల టన్నులు, అంటార్కిటికా సుమారు 15,000 కోట్ల టన్నులు పోగొట్టుకుంటున్నాయని ఆ లెక్క.

బాటసారి:
మరి 2015లో నాసా శాస్త్రవేత్త జే జ్వాలీ బృందం అంటార్కిటికా బరువు పెరుగుతోందని తేల్చిందే? అది కూడా శాటిలైట్ లెక్కే కదండీ.

లెక్కలపిచ్చి:
మంచి ప్రశ్న. వాళ్లు కొలిచింది మంచు ఎత్తు. ఎత్తు ఒక సెంటీమీటరు పెరిగిందంటే అది కొత్తగా రాలిన గుల్లమంచా, గట్టిపడ్డ మంచా? ఏది అనుకుంటే దాన్నిబట్టి బరువు మారిపోతుంది. మళ్లీ మన మంచు గొడవే! 2018లో ఎత్తు, బరువు, ప్రవాహ వేగం లెక్కలన్నీ కలిపి చూసిన అధ్యయనంలో 1992 నుంచి 2017 వరకు అంటార్కిటికాకు నికరంగా నష్టమే తేలింది. దానివల్ల పెరిగిన సముద్రమట్టం 7.6 మిల్లీమీటర్లు.

సందేహి:
7.6 మిల్లీమీటర్లా! పాతికేళ్లకా? దీనికా ఇంత టెన్షన్?

లెక్కలపిచ్చి:
అందులో దాదాపు 40 శాతం చివరి ఐదేళ్లలోనే పెరిగింది, సార్.

సందేహి:
సరే, తగ్గుతోందని ఒప్పుకుంటా. మనిషి వల్లే అని మాత్రం ఇంకా ఒప్పుకోను. సూర్యుడు ఎందుకు కాకూడదు?

లెక్కలపిచ్చి:
సూర్యుడి వల్లే అయితే పై వాతావరణం కూడా వేడెక్కాలి. కింది పొర వేడెక్కుతుంటే, పైనున్న స్ట్రాటోస్ఫియర్ చల్లబడుతోంది. కార్బన్ డయాక్సైడ్ పెరిగితే జరగాల్సింది సరిగ్గా ఇదే. మీరు నిజంగా పట్టుబట్టాలంటే 2016లో అంటార్కిటికా సముద్రపు మంచు ఒక్కసారిగా ఎందుకు పడిపోయిందో అడగండి. దానిమీద శాస్త్రవేత్తలే ఇంకా కొట్టుకుంటున్నారు.