ఫ్లై కాస్టింగ్: చెరువుకు పోకముందే గ్రౌండులో ఎట్లా నేర్చుకోవాలి?

పెన్న గట్టు (అనంతపురం):
ఫ్లై కాస్టింగ్ (ఫ్లై అనే తేలికపాటి ఈగలాంటి ఎరను లైను బరువుతోనే విసిరే గాలం పద్ధతి) నేర్చుకుంటున్నా. తొమ్మిదడుగుల 5 వెయిట్ (లైను బరువును చెప్పే నంబరు) రాడ్డు, నీళ్ల మీద తేలే ఫ్లోటింగ్ లైను ఉన్నాయి. శాన్‌ఫ్రాన్సిస్కో గోల్డెన్ గేట్ పార్కులో కాస్టింగ్ ప్రాక్టీసుకని 1938లోనే కొలనులు కట్టించారు. ఇక్కడ ఆర్ట్స్ కాలేజీ గ్రౌండే దిక్కు. లైను ముందుకు పోయి కుప్పగా పడుతోంది, పైగా చెర్నాకోల కొట్టినట్టు చప్పుడు వస్తోంది. రాడ్డు మార్చాలా? గడ్డి మీద నేర్చుకున్నది నీళ్ల మీద పనికొస్తుందా?

హంద్రీ ఒడ్డు (కర్నూలు):
రాడ్డు జోలికి పోవద్దన్నా. వెనక లైను పూర్తిగా విచ్చుకోకముందే ముందుకు కొడుతున్నారు, ఆ చప్పుడు అందుకే. అసలు ఫ్లై కట్టి ఉంటే దాంతోనే తెగిపోతుంది. తల తిప్పి వెనక లైనును చూడండి, సిగ్గుపడే పనేం కాదు. లూప్ (గాల్లో లైను తిరిగే మడత) విచ్చుకుంటూ చివర కాస్త వంపు మిగిలినప్పుడు ముందుకు మొదలుపెట్టాలి. లైను పొడవు పెరిగేకొద్దీ ఆగే సేపూ పెరగాలి.

కుప్ప పడేది చాలావరకు మణికట్టు వల్ల. మామూలు గాలంలో సీసం గుండు లైనును లాక్కుపోతుంది. ఇక్కడ లైనే గుండు: 5 వెయిట్‌లో మొదటి 30 అడుగులు 140 గ్రెయిన్లు, అంటే సుమారు 9 గ్రాములు. ఆ బరువుకు రాడ్డు వంగాలి, ఠక్కున ఆగాలి, అప్పుడే లైను కొనను దాటి పోతుంది. మణికట్టు వెనక్కి వాలితే రాడ్డు కొన తిన్నగా పోకుండా గుండ్రంగా తిరుగుతుంది, లూప్ వెడల్పైపోయి ఊపు చచ్చిపోతుంది. రాడ్డు అడుగు భాగాన్ని రబ్బరు బ్యాండుతో ముంజేతికి వదులుగా కట్టండి. మణికట్టు వెనక్కి వాలగానే చేతికి తెలుస్తుంది.

మొదట 25 అడుగుల లైను చాలు. కొన నేలకు దించి, వదులంతా లాగేసి, మెల్లగా మొదలుపెట్టి, వేగం పెంచుతూ పోయి ఆపండి. గడియారం లెక్కన వెనక 1 దగ్గర, ముందు 10 దగ్గర. వెనక్కి వేసిన ప్రతిసారీ లైనును గడ్డి మీద పడనిచ్చి, తిన్నగా పడిందో లేదో చూసి, అప్పుడు ముందుకు వేయండి. రెండూ కలిపి గాల్లో ఆడించడం తర్వాత సంగతి.

లీడర్ (లైను కొసకు కట్టే సన్నటి దారం) ఏడున్నర అడుగులు, కొసకు ఎర్ర ఉన్ని పోగు. కొక్కెం వద్దు. అయినా టోపీ, కళ్లద్దాలు తీయొద్దు.

బుగ్గవంక (కడప):
పైనుంచి వేసే కాస్టుకు గడ్డి బ్రహ్మాండంగా పనికొస్తుంది. రోల్ కాస్టుకు (లైనును వెనక్కి విసరకుండా ముందుకు వేసేదానికి) మాత్రం నీళ్లే కావాలి, ఎందుకంటే నీరు లైనును పట్టి ఉంచితేనే రాడ్డు వంగుతుంది. గ్రౌండులో అయితే లీడర్ కొసను పరీక్ష అట్ట క్లిప్పులో బిగించి ముందు పెట్టుకోండి. రాడ్డును నిదానంగా చెవి పక్కకు తెచ్చి, లైను మోచేతి వెనక బానపొట్టలా వేలాడేదాకా ఆగి, అప్పుడు ముందుకు కొట్టాలి. చెరువు కట్ట మీద వెనక తుమ్మచెట్లుంటే మీకు పనికొచ్చేది ఇదొక్కటే, కాబట్టి అశ్రద్ధ చేయొద్దు.

వానాకాలం పడమటి గాలికి కుడిచేతివాటం వాళ్లు ఉత్తరం వైపు తిరిగి నిలబడాలి. గాలి ఎడమనుంచి వస్తే లైను ఒంటికి దూరంగా పోతుంది. కుడినుంచి వస్తే ముఖం మీదికే. ఇంకోటి, పల్లేరు కాయలున్న చోట, సిమెంటు మీద వేయొద్దు, లైను పైపూత గీసుకుపోతుంది.

పెన్న గట్టు:
చప్పుడు తగ్గింది. ఇప్పుడు లీడర్లో వాటంతటవే ముడులు పడుతున్నాయి. గాలి వల్లేనా?

హంద్రీ ఒడ్డు:
గాలిని తిట్టొద్దు. దూరం పోవాలని మొదట్లోనే గట్టిగా కొడితే రాడ్డు కొన మధ్యలో కిందికి దిగుతుంది, లూప్ పై భాగం కింది భాగాన్ని అడ్డంగా కోసుకుపోతుంది, అక్కడే ముడి. వెనక ఆగి ఉండాల్సినప్పుడు చెయ్యి తెలియకుండా ముందుకు జరిగినా ఇంతే. బలం సగానికి తగ్గించి, ఊపంతా చివర్లో ఆపే ముందు ఇవ్వండి. ముడి పడ్డ లీడర్‌ను అట్లాగే వాడొద్దు, చేప పట్టినప్పుడు సరిగ్గా అక్కడే తెగుతుంది.

లూప్ ఇరుకయ్యాక పాత సైకిల్ టైర్లు 20, 30, 40 అడుగుల దగ్గర పరవండి. అమెరికా పోటీల్లో పెట్టే వలయం 30 అంగుళాలు, సైకిల్ టైరు దాదాపు అంతే. 40 దాంట్లో పడకపోతే 30కి వెనక్కి రండి, బలం పెంచొద్దు.