కొత్త ప్రోగ్రామ్ ఎక్కించినా మోటార్ పాత టైమ్‌కే ఆన్ అవుతోంది, మెమరీ మొత్తం చెరిపేయాలా?

కావలి కుర్రోడు:
అన్నలందరికీ నమస్కారం. మాది కావలి. సంపులోంచి డాబా మీద ట్యాంకుకి నీళ్లెక్కించే ఒక హెచ్‌పీ మోటార్ ఉంది, దానికి పోయినేడాది ఈఎస్‌పీ 8266 అనే వైఫై చిప్ ఉన్న రిలే బోర్డు (మోటార్‌ని ఆన్, ఆఫ్ చేసే స్విచ్ బోర్డు) పెట్టి, అందులో టాస్మోటా అనే రెడీమేడ్ ప్రోగ్రామ్ ఎక్కించాను. అప్పట్లో మా వీధికి నీళ్లు తెల్లవారుజామున వచ్చేవి కాబట్టి 5 గంటలకి టైమర్ పెట్టుకున్నా. ఇప్పుడు సాయంత్రం వస్తున్నాయి. సరే, ట్యాంకులో నీటి మట్టం చూసే ఫ్లోట్ స్విచ్ కూడా పెట్టి అంతా కొత్తగా చేద్దామని టాస్మోటా కొత్త వెర్షన్ దించుకుని బ్రౌజర్‌లోంచే ఫర్మ్‌వేర్ (బోర్డులో నడిచే ప్రోగ్రామ్) అప్‌గ్రేడ్ కొట్టాను. కొత్త ప్రోగ్రామ్ వచ్చింది కదా, పాతది పోయుంటుందనుకున్నా. మర్నాడు 5 గంటలకి మోటార్ దానంతటది ఆన్ అయ్యింది, ట్యాంకు పొర్లి నీళ్లు గోడ మీదుగా పక్కింటి పెద్దమ్మ వాకిట్లో పడ్డాయి, ఆమె అప్పుడే కళ్లాపి చల్లి ముగ్గేసి లోపలికెళ్లిందంట. ఇక చూసుకోండి.

ఆ టెన్షన్‌లో బోర్డు ఊడదీసి ల్యాప్‌టాప్‌కి పెట్టి ఈఎస్‌పీటూల్ అనే ప్రోగ్రామ్‌తో ఎరేస్ ఫ్లాష్ (చిప్ వాడే ఫ్లాష్ మెమరీ అంతా చెరిపే కమాండ్) కూడా కొట్టి మళ్లీ మొదట్నించి ఎక్కించాను. వైఫై, పిన్నులు (చిప్ ఏ కాలుకి ఏది కలిపానన్నది) అన్నీ ఎప్పట్లాగే పెట్టేశాను. అయినా ఈరోజు మళ్లీ 5 గంటలకే ఆన్ అయ్యింది! మొత్తం చెరిపేశాక కూడా ఆ టైమర్ ఎక్కడ దాక్కుంటోంది? చిప్ పోయిందా, మార్చేయాలా?

సర్క్యూట్ పిచ్చి, ఒంగోలు:
చిప్‌కేం కాలేదు తమ్ముడూ, డబ్బులు దండగ పెట్టుకోకు. ఆ ఫ్లాష్‌లో ప్రోగ్రామ్ ఒకచోట, నువ్వు పెట్టుకున్న సెట్టింగులు ఇంకోచోట ఉంటాయి. అప్‌గ్రేడ్ కొడితే ప్రోగ్రామ్ మాత్రమే మారుతుంది, సెట్టింగుల జోలికి పోదు. ఇంటికి రంగులు మార్చినంత మాత్రాన బీరువాలో బట్టలు మారవు కదా. అట్టా పెట్టింది కావాలనే, లేకపోతే వెర్షన్ మార్చిన ప్రతిసారీ ఇంట్లో ఉన్న ప్రతి స్విచ్‌కీ వైఫై పాస్‌వర్డ్ కొట్టుకుంటూ కూర్చోవాలి. టాస్మోటాలో 16 టైమర్లు, మూడు సెట్ల రూల్స్ (ఇది జరిగితే అది చెయ్యి అని మనం రాసిపెట్టేవి), పిన్నుల వివరాలు అన్నీ ఆ సెట్టింగుల్లోనే ఉంటాయి. మొదటిసారి పాత టైమర్ మోగిందంటే కారణం ఇదే.

రెండోసారిదే నాకు అనుమానం. ఎరేస్ ఫ్లాష్ కొడితే ఫ్లాష్‌లో ప్రతి బైటూ ఎఫ్‌ఎఫ్, అంటే ఖాళీ, అయిపోతుంది, అందులో టైమర్ మిగిలే ప్రశ్నే లేదు. నిజం చెప్పు, "ఎప్పట్లాగే పెట్టేశాను" అన్నావే, చేత్తో ఒక్కొక్కటీ కొట్టావా, లేక ముందే బ్యాకప్ తీసి పెట్టుకున్న ఫైల్‌ని రిస్టోర్ చేశావా?

కావలి కుర్రోడు:
దొరికిపోయాను అన్నా. బ్యాకప్ ఫైలే రిస్టోర్ చేశా. పిన్నులు మళ్లీ ఎవరు కొడతారులే అని.

సర్క్యూట్ పిచ్చి, ఒంగోలు:
అదీ సంగతి. ఆ ఫైల్‌లో పిన్నులే కాదు, టైమర్లూ రూల్సూ కూడా ఉంటాయి. బయట పడేసిన చెత్తని నువ్వే తట్టతో లోపలికి తెచ్చుకున్నావు.

చెరువుగట్టు, విడవలూరు:
దీనికోసం బోర్డు ఊడదీయాల్సిన పని కూడా లేదబ్బాయ్. టాస్మోటా పేజీలో కమాండ్లు కొట్టే కన్సోల్‌లో రీసెట్ 5 కొట్టు. సెట్టింగులన్నీ పోతాయి, వైఫై ఒక్కటి ఉంటుంది. రీసెట్ 1 మాత్రం కొట్టొద్దు, వైఫై కూడా పోయి బోర్డు దాని సొంత హాట్‌స్పాట్ వేసుకుని కూర్చుంటుంది, ఫోన్‌తో దానికి కనెక్టయ్యి 192.168.4.1 తెరిచి మళ్లీ మొదలెట్టాలి. ఏది కొట్టినా ముందు ఏ పిన్నుకి ఏ రిలే ఉందో తెల్ల కాగితం మీద రాసుకో. ఫోటో తీసుకున్నా సరే. నేను బోర్డు డబ్బా మూత లోపలే మార్కర్‌తో రాసిపెట్టా.

ఇంకోటి చెప్తా, నేను దెబ్బతిన్న సంగతి. రొయ్యల చెరువు మీద నీళ్లకి గాలి పట్టించే ఏరియేటర్ల స్టార్టర్‌కి ఇట్టాంటి బోర్డే పెట్టా. ఎండాకాలం రాత్రుళ్లు మా దగ్గర కరెంటు వస్తా పోతా ఉంటుంది. టాస్మోటాలో ఒక పద్ధతుంది, కరెంటు వచ్చిన పది సెకన్ల లోపే పోతూ, అట్టా వరసగా ఆరుసార్లు జరిగి ఏడోసారి నిలబడితే అది మనమే కావాలని రీసెట్ చేస్తున్నాం అనుకుని సెట్టింగులన్నీ తుడిచేస్తుంది. ఒక రాత్రి సరిగ్గా అదే జరిగింది. నేను చెరిపేయమనలేదు, కరెంటే చెరిపేసింది. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ అట్టడుక్కి పోయే వేళకి ఏరియేటర్లు ఆగిపోయున్నాయి, గట్టు మీదకెళ్లి చూస్తే రొయ్య తేలుతోంది. జనరేటర్ వేసి చేత్తో స్టార్ట్ చేశాం కాబట్టి సరిపోయింది. ఆ రోజు నుంచి ఏ బోర్డు పెట్టినా మొదటి పని సెట్‌ఆప్షన్65 1 అని కొట్టడమే, దాంతో ఆ పద్ధతి ఆగిపోతుంది. నీ మోటార్‌కైతే పవర్‌ఆన్‌స్టేట్ 0 కూడా పెట్టు, కరెంటు పోయి వచ్చినప్పుడు మోటార్ ఆఫ్‌లోనే ఉంటుంది. నా ఏరియేటర్లకి మాత్రం నేను 1 పెట్టుకున్నా, అవి ఆగకూడదు కాబట్టి.

పాత మెకానిక్, కందుకూరు:
అందరూ సాఫ్ట్‌వేర్ గురించే మాట్లాడుతున్నారు. బోర్డుకి యూఎస్‌బీ పెట్టేటప్పుడు 230 వోల్టుల లైను పూర్తిగా పీకావా? లైను ఉండగా ల్యాప్‌టాప్ తగిలిస్తే ల్యాప్‌టాప్ ఒక్కటే పోతే అదృష్టం. మోటార్‌ని ఆ 10 ఆంప్స్ రిలే మీద నేరుగా ఇచ్చుంటే అదీ మార్చు, స్టార్టింగ్‌లో అంతకు చాలా ఎక్కువ లాగుతుంది, రిలే అతుక్కుపోతే ఏ రీసెట్ కొట్టినా మోటార్ ఆగదు. మధ్యలో కాంటాక్టర్ (ఎక్కువ కరెంటు తట్టుకునే పెద్ద రిలే) పెట్టు.

టాస్మోటా కాకుండా ఆర్డ్యుయినోలో సొంతంగా కోడ్ రాసేవాళ్లకి కూడా ఒక మాట. 8266కి టూల్స్ మెనూలో ఎరేస్ ఫ్లాష్ అని ఉంటుంది, మామూలుగా అది స్కెచ్ (మనం రాసిన కోడ్) వరకే అని ఉంటుంది, మొత్తం పోవాలంటే ఆల్ ఫ్లాష్ కంటెంట్స్ ఎంచుకోవాలి. ఈఎస్‌పీ 32 చిప్‌లో ప్రిఫరెన్సెస్ అనే లైబ్రరీతో దాచిన సెట్టింగులు కూడా కొత్త కోడ్ ఎక్కించినా పోవు. మా తమ్ముడు రెండు రోజులు తల పట్టుకున్నాడు దానికి.

కావలి కుర్రోడు:
లైను పీకాను అన్నా, కాంటాక్టర్ కూడా ఉంది. రీసెట్ 5 కొట్టి పిన్నులు, ఫోన్ నుంచి మెసేజ్‌లని బోర్డుకి చేరవేసే బ్రోకర్ సర్వర్ అడ్రస్, టాపిక్ (ఆ మెసేజ్‌లు వచ్చే చిరునామా) పేరు అన్నీ చేత్తోనే కొట్టాను. 5 గంటల గొడవ పోయింది. కానీ ఇప్పుడు కొత్త గొడవ, రౌటర్ ఆపి వేసిన ప్రతిసారీ బోర్డు కనెక్టవగానే మోటార్ ఆన్ అవుతోంది. పవర్‌ఆన్‌స్టేట్ 0 పెట్టినా అంతే. టైమర్లు ఒక్కటీ లేవు, రూల్ ఫ్లోట్‌ది ఒక్కటే.

సర్క్యూట్ పిచ్చి, ఒంగోలు:
ఎంక్యూటీటీ (ఆ మెసేజ్‌లు పంపుకునే పద్ధతి) బ్రోకర్ ఎక్కడుంది? రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌లోనా? అయితే ఈసారి గుర్తుపెట్టుకున్నది బోర్డు కాదు, బ్రోకర్. ఎప్పుడో ఫోన్ యాప్‌లోంచి మోటార్ ఆన్ అని పంపినప్పుడు రిటెయిన్ టిక్ పెట్టుంటావు. ఆ మెసేజ్‌ని బ్రోకర్ అట్టాగే దాచిపెట్టుకుని, ఆ టాపిక్‌కి ఎవరు కొత్తగా కనెక్టయితే వాళ్లకి ఇస్తూ ఉంటుంది. నువ్వు టాపిక్ పేరు పాతదే పెట్టావు కాబట్టి నీ బోర్డు వచ్చిన ప్రతిసారీ "ఆన్" అని చేతిలో పెడుతోంది. బోర్డుని వందసార్లు చెరిపినా ఇది పోదు. అదే టాపిక్‌కి రిటెయిన్ టిక్ పెట్టి ఖాళీ మెసేజ్ ఒకటి పంపు, లోపల ఏమీ రాయకు. దాంతో బ్రోకర్ దగ్గరున్నది పోతుంది. తర్వాత యాప్‌లో ఆ టిక్ తీసెయ్యి.

కావలి కుర్రోడు:
ఖాళీ మెసేజ్ పంపాను. రౌటర్ మూడుసార్లు ఆపి వేసి చూశా, మోటార్ కదల్లేదు. యాప్‌లో చూస్తే టిక్ నిజంగానే ఉంది, ఎప్పుడు పెట్టానో గుర్తు కూడా లేదు. పాత బ్యాకప్ ఫైల్ డిలీట్ చేసి ఇప్పుడున్నదాన్ని కొత్తగా తీసి పెట్టుకున్నా. సెట్‌ఆప్షన్65 కూడా కొట్టేశా చెరువుగట్టు అన్నా. పొద్దున 5 గంటలకి లేచి కాపలా కూర్చున్నా, మోటార్ రాలేదు, పెద్దమ్మే వచ్చింది ముగ్గేయడానికి, నన్ను చూసి "ఇవాళ నువ్వే స్వయంగా పోస్తావా ఏంది" అంది.