నాయనమ్మతో విశాఖ మ్యూజియం: వెళ్లివచ్చినవారు చెప్పగలరా?

ఈ ఆదివారం మా నాయనమ్మను బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియానికి తీసుకెళ్లాలనుకుంటున్నాను. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు ఊరి మీద బాంబులు వేసినప్పుడు ఆవిడకు ఆరేళ్లు. వాళ్లమ్మ పొయ్యి మీది అన్నం అలాగే వదిలేసి, బియ్యం కొలిచే ఇత్తడి సోలను ఒడిలో పెట్టుకుని ఊరు విడిచిందట. అంచు సొట్టపడిన ఆ సోల ఇప్పటికీ మా ఇంట్లో ఉంది, అడుగున ముత్తాత పేరు చెక్కి ఉంటుంది.

ఆనాటి బాంబు ఒకటి మ్యూజియంలో ఉందని తెలుసు. కానీ నాయనమ్మ చూడాలనుకునేది ఆ కాలపు కుంచాలు, తిరగళ్లు, దీపపు సెమ్మెలు. అలాంటి ఇంటి సామాను ఏ గదిలో ఉంటుంది? పాత డచ్చి బంగళా కదా, మెట్లు ఎక్కువా? ఆవిడ పది నిమిషాలకు మించి నిలబడలేరు. చక్రాల కుర్చీ దొరుకుతుందా? పెద్దవాళ్లతో వెళ్లివచ్చినవారు దయచేసి చెప్పండి.