గ్లైకేషన్‌ను 'శర్కరీకరణం' అనవచ్చా?

ప్రశ్న: మధుమేహం వ్యాసాల్లో గ్లైకేషన్‌కు ఈ మాట నడుస్తుందా? గ్లైకోసైలేషన్‌కు మరి ఏమనాలి?

జవాబు: నడవదండీ. ఘనీకరణం అంటే ఘనంగా మార్చడం, ద్రవీకరణం అంటే ద్రవంగా మార్చడం. ఆ లెక్కన శర్కరీకరణం అంటే చక్కెరగా మార్చడం. గ్లైకేషన్‌లో ప్రొటీన్ చక్కెర కావడం లేదు, దానికి చక్కెర అంటుకుంటోంది.

'చక్కెర పట్టడం' అంటే చాలు. తుప్పు పట్టినా, బూజు పట్టినా పట్టించేవాడంటూ ఉండడు. గ్లైకేషన్‌కూ ఎంజైమ్ అక్కర్లేదు. గ్లూకోజు ఎంత ఎక్కువ ఉంటే, ఎన్నాళ్లు ఉంటే అంత పడుతుంది. గ్లైకోసైలేషన్‌లో కణమే ఎంజైముల చేత, చోటు ఎంచి మరీ చక్కెరను తగిలిస్తుంది. అది 'చక్కెర పట్టించడం'. తేడా అంతా ఆ 'ఇంచు'లోనే ఉంది. ల్యాబ్ రిపోర్టుల్లో కనిపించే 'గ్లైకోసైలేటెడ్ హిమోగ్లోబిన్' పాతపేరు, తప్పుపేరు కూడా. గ్లైకేటెడ్ అనాలి.

మరొకరు: తుప్పు గీకితే పోతుంది. ఇదీ పోతుందా?

జవాబు: దశను బట్టి. గ్లూకోజు మొదట ప్రొటీన్‌లోని అమైనో సమూహానికి తగులుకుంటుంది. ఈ షిఫ్ బేస్ దశలో గ్లూకోజు తగ్గితే విడిపోతుంది. అణువు లోపల సర్దుబాటు జరిగి అమడోరి రూపం వచ్చాక అంత తేలిగ్గా వదలదు. మధుమేహానికి చేసే హెచ్‌బీఏ1సీ రక్తపరీక్ష కొలిచేది దీన్నే: హిమోగ్లోబిన్ బీటా గొలుసు కొసన ఉన్న వాలీన్‌కు పట్టిన గ్లూకోజును. హిమోగ్లోబిన్ ఉండే ఎర్రకణం సుమారు 120 రోజులు బతుకుతుంది కనుక 2–3 నెలల గ్లూకోజు సగటు తెలుస్తుంది. కణాలు తొందరగా చితికిపోయే జబ్బుల్లో చక్కెర పట్టే వ్యవధే ఉండదు, అంకె దొంగగా తగ్గుతుంది. ఇనుము లోపంలో ఉత్తినే పెరగవచ్చు. అలాంటప్పుడు 2–3 వారాల సంగతి చెప్పే ఫ్రక్టోసమిన్ పరీక్ష అక్కరకొస్తుంది.

ఆఖరి దశకు మాత్రం 'పట్టడం' చాలదు. చర్మానికీ రక్తనాళాలకూ బిగువునిచ్చే కొల్లాజెన్ లాంటి ప్రొటీన్లు ఏళ్ల తరబడి మారవు; వాటి పోగుల మధ్య అడ్డుబంధాలు పడతాయి. అది 'ముడిపడటం'. రక్తనాళాలు బిరుసెక్కడంలో, కంటి కటకం పసుపు తిరగడంలో దీని పాత్ర ఉంది. మధుమేహం లేనివారిలోనూ వయసుతో జరిగేదే. ఉన్నవారిలో ముందే వస్తుంది.

ఇంకొకరు: ఈ ఆఖరి దశ పదార్థాల ఇంగ్లీషు పేరు 'అడ్వాన్స్‌డ్ గ్లైకేషన్ ఎండ్ ప్రొడక్ట్స్'; పొడి అక్షరాలు ఏ, జీ, ఈ కలిపి చదివితే వయసు అనే మాటే. ఆ శ్లేష తెలుగులో పోతుంది కదా?

జవాబు: పోదు. 'ముదురు చక్కెర బంధాలు' అనండి. జబ్బూ ముదురుతుంది, మనిషీ ముదురుతాడు. ముదిమి, ముదుసలి అక్కడివే.

ఇంకొకరు: 'వాడొక ముదురు' అన్న అర్థం అడ్డురాదా?

జవాబు: వదలని సరుకే కదా, రానివ్వండి.