కట్టెల ఇన్సర్ట్‌కి బయటి గాలి ఎటునుంచి తేవాలి?

అందరికీ నమస్కారం. మేం మిన్నెసోటాలో ఉంటాం. ఇటుక ఫైర్‌ప్లేస్‌లో కట్టెల ఇన్సర్ట్ (లోపల అమర్చే, తలుపున్న ఇనుప పొయ్యి) ఉంది, పొగగొట్టంలో పైదాకా స్టీలు లైనర్ (లోపలి గొట్టం) వేయించాం, ఏటా శుభ్రం చేయిస్తాం. ఇంటికి కొత్త కిటికీలు, ఇన్సులేషన్ వేయించాక సమస్య మొదలైంది. పోపు ఘాటుకి వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఫుల్‌లో పెడితే ఇన్సర్ట్‌లో మంట ఎర్రగా డల్ అయిపోతుంది. కట్టె వేద్దామని తలుపు తీస్తే పొగ హాల్లోకి తన్నుకొస్తుంది. సింకు పక్క కిటికీ ఒక్క అంగుళం తెరిస్తే చాలు, మంట మళ్లీ లేస్తుంది. అంటే ఫ్యాన్ లాగేసే గాలికి బదులు గాలి రావడం లేదన్నమాట. కార్బన్ మోనాక్సైడ్ అలారం ఇంతవరకు మోగలేదు గానీ, పిల్లలున్న ఇల్లు, టెన్షన్‌గా ఉంది.

ఒక కాంట్రాక్టర్ లైనర్ పక్కనుంచే, ఇన్సర్ట్‌కి బయటి గాలి తెచ్చే గొట్టం పైకి తీసుకెళ్దామన్నారు. నాకు నచ్చలేదు. గాలి తీసుకునే చోటు మంట కంటే ఎత్తులో ఉంటే ఆ గొట్టమే పొగగొట్టంలా పనిచేయొచ్చు కదా? నాకు తోచింది బూడిద దింపే రంధ్రం గుండా, కింద బయటికున్న బూడిద తలుపు దాకా లోహపు గొట్టం వేయడం. కానీ ఆ తలుపు తూర్పు వైపుంది. ఇక్కడ చలిగాలి ఎక్కువగా వాయవ్యం నుంచి వీస్తుంది. గాలికి మరుగైన ఆ వైపు ఒత్తిడి తగ్గి, వేడి వాయువులు ఆ గొట్టంలోకి వెనక్కి లాగబడతాయేమోనని భయం.

ఇలా చేయించినవాళ్లు ఉన్నారా? గొట్టానికి, చెక్కకి మధ్య ఎంత ఖాళీ వదిలారు? గొట్టంలో డ్యాంపర్ (గాలిని తగ్గించే, ఆపే పలక) పెట్టారా? లేక ఇన్సర్ట్ జోలికి పోకుండా, వంటింటి ఫ్యాన్‌కే విడిగా బయటి గాలి ఏర్పాటు చేయించుకోవడం మేలా?