బోరు నీళ్లలో నియాన్ టెట్రా: చేపను మార్చాలా, నీళ్లను మార్చాలా?

హనుమకొండ_మోలీ: 60 లీటర్ల ట్యాంకు, నాలుగు నెలలుగా నడుస్తోంది. బోరు నీళ్లే పోస్తాం. మోలీలు హాయిగా ఉన్నాయి, పిల్లలు కూడా పెట్టాయి. పోయిన ఆదివారం పది నియాన్లు తెచ్చి వదిలితే గురువారానికి ఆరు పోయాయి. అమ్మోనియా సున్నా. జీహెచ్ (నీళ్ల గట్టిదనం, అంటే అందులో కరిగిన కాల్షియం, మెగ్నీషియం) కొలిచే కిట్‌లో ఇరవయ్యో చుక్కకు గానీ రంగు మారలేదు. షాపాయన ఆర్వో నీళ్లు పోయమంటున్నాడు. మోలీలు ఉండగా పోయొచ్చా?

కాజీపేట_డిస్కస్: పోయండి. నియాన్ అమెజాన్ వైపు చేప, అక్కడి వాగుల నీళ్లలో సున్నం దాదాపు ఉండదు. నేను ఆర్వో ప్లాంటు నుంచి 20 లీటర్ల క్యాన్లు తెచ్చి మూడేళ్లుగా డిస్కస్ చేపలను పెంచుతున్నా. బోరు ఉందని జీవితాంతం గప్పీలతోనే సరిపెట్టుకోవాలా?

కరీంనగర్_మొక్కలు: ఇప్పుడు షాపుల్లో దొరికే నియాన్లు చాలావరకు ఫారాల్లో పుట్టినవే, వాగులో పట్టినవి కావు. నా దగ్గర జీహెచ్ 15 డిగ్రీలున్న నీళ్లలో రెండేళ్లుగా బతుకుతున్నాయి. కవరు విప్పి నేరుగా వదిలేశారేమో, అది చెప్పండి ముందు.

జనగామ_గప్పీ: కాజీపేట అన్నా, మీ ట్యాంకులో డిస్కస్‌లే ఉన్నాయి, ఈ తమ్ముడి దగ్గర మోలీలున్నాయి. ఉత్త ఆర్వో పోస్తే మోలీ ఏమవుతుందో కళ్లారా చూశాను. రెక్కలు ముడుచుకుని, ఉన్నచోటే ఒళ్లు ఊపుతూ నిలబడిపోతుంది. ముందుకు కదలదు. మేత వేసినా రాదు. ఆ చేపకు కాల్షియం ఉన్న నీళ్లు కావాలి.

లెక్క చూడండి. కిట్‌లో ఒక్కో చుక్క ఒక్కో డిగ్రీ. ఒక డిగ్రీ అంటే 17.8 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు), ఇరవై డిగ్రీలంటే దాదాపు 356. సగానికి సగం ఆర్వో కలిపితే పదికి దిగుతుంది. దానికి మోలీ ఓర్చుకుంటుంది, నియాన్‌కు అదీ కాస్త ఎక్కువే. రెండింటికీ మధ్యలో పెడితే రెండూ సర్దుకుంటూనే బతకాలి. పైగా ఆర్వోలో కేహెచ్ (కార్బొనేట్ల గట్టిదనం) ఉండదు. అది పడిపోతే పీహెచ్‌ను నిలబెట్టేది ఏదీ ఉండదు, ఒక్క రాత్రిలో దిగిపోవచ్చు.

టీడీఎస్ మీటరు చూసి నిర్ణయం తీసుకోకండి. నీళ్లలో కరిగినవన్నీ కలిపి చూపిస్తుంది, ఉప్పునూ లెక్కేస్తుంది. సాఫ్ట్‌నర్ నీళ్లలో కాల్షియం పోయి సోడియం వస్తుంది, మీటరు అంకె మాత్రం పెద్దగా మారదు. చుక్కల కిట్టే నమ్మండి.

మన ఎండల్లో ఇంకొకటి ఉంది. మే నెలలో ట్యాంకు నీళ్లు వేళ్ల లోతున తగ్గిపోతాయి. ఆవిరయ్యేది నీళ్లే, సున్నం లోపలే ఉంటుంది. మళ్లీ బోరు నీళ్లు పోస్తే వారం వారం గట్టిపడుతూ పోతాయి. గ్లాసు మీద తెల్ల గీత అందుకే. ఆవిరైన మేరకు మాత్రం ఆర్వో పోయండి. నేను ఆర్వో వాడేది దానికొక్కటికే.

కరీంనగర్ అన్న మాట కాదనను, ఫారం నియాన్ బతుకుతుంది. కానీ గట్టి నీళ్లలో గుడ్లు పొదగడం కష్టం, బతికినా ఆ చేప ఒళ్లు వెలగదు. నీలం గీత మసకబారి ఉంటుంది. నా మాటైతే ఇంట్లో వచ్చే నీళ్లను కొలిచి, దానికి తగ్గ చేపనే తెచ్చుకోవాలి. బోరుకు మోలీ, ప్లాటీ, గప్పీ, స్వార్డ్‌టెయిల్ సరిపోతాయి. మీకు నల్లా ఉందా? ఉంటే అదీ కొలవండి.

హనుమకొండ_మోలీ: కవరు పావుగంట తేలనిచ్చి నేరుగా వదిలేశానన్నా. నల్లా నీళ్లు ఇప్పుడే కొలిచా, ఏడో చుక్కకే రంగు మారింది! మిగిలిన నాలుగింటినీ వేరే టబ్‌లోకి మార్చి నల్లా నీళ్లు పోయనా?

జనగామ_గప్పీ: టబ్‌లో ముందు ఇప్పుడున్న ట్యాంకు నీళ్లే పోసి, ఎయిర్ పంపు పెట్టండి. నల్లా నీళ్లకు క్లోరిన్ పోయే మందు కలిపి, రోజుకు రెండు మగ్గులు తీసి రెండు మగ్గులు పోయండి. వారం, పది రోజులు పట్టనివ్వండి. మోలీల ట్యాంకు మాత్రం ముట్టుకోకండి.