టెస్టర్‌లో ఎనిమిది లైట్లూ వెలిగాయి, నెట్ మాత్రం తెగిపోతోంది: గోడ చెక్కాలా?

పైగది: హైదరాబాద్‌లో మాది రెండంతస్తుల ఇల్లు. రూటర్ కింద హాల్లో, నా కంప్యూటర్ పై గదిలో. మధ్యలో గోడ పైపులోంచి పాతిక మీటర్ల లాన్ కేబుల్. వైఫై కాదు, వైరే. అయినా రోజుకు ఐదారుసార్లు నెట్ తెగుతుంది, ఆరేడు సెకన్లకు దానంతటదే వస్తుంది. ఆఫీసు కాల్‌లో నోరు తెరిచిన బొమ్మలా ఆగిపోతున్నాను. నెట్ కుర్రాడొచ్చి టెస్టర్ పెట్టాడు, లైట్లన్నీ వరసగా వెలిగాయి. అయినా "కొత్త కేబుల్ లాగాల్సిందే సార్" అంటాడు. పాతది పైపులో ఇరుక్కుపోయింది, అంటే గోడ చెక్కాలి. మొన్న సంక్రాంతికే పెయింట్ వేయించాం.

బిట్టుబాబాయ్: గోడ జోలికి వెళ్లకండి. టెస్టర్ పాసయ్యాక కూడా కేబుల్‌ని అనుమానిస్తారా? ఇవి కంప్యూటర్‌లో లాన్ వైరు తగిలే నెట్‌వర్క్ కార్డు పవర్ సేవింగ్ వేషాలు. డివైస్ మేనేజర్‌లో కార్డు మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్‌కి వెళ్లి ఎనర్జీ ఎఫిషియంట్ ఈథర్నెట్ ఆఫ్ చేయండి. డేటా లేనప్పుడు లింకును కునుకు తీయించే పద్ధతి అది. కొన్ని కార్డులు ఆ కునుకులోంచి సరిగ్గా లేవవు.

బెజవాడక్రింపర్: పదిహేనేళ్లుగా కేబుళ్లు లాగుతున్నాను. ఈ చివరి పిన్ను ఆ చివరి పిన్నుకు కలిసిందా లేదా, ఆ చిన్న టెస్టర్‌కి తెలిసేది అంతే. చవక కేబుల్ చాలావరకు సీసీఏ, అంటే అల్యూమినియం మీద రాగి పూత. బ్లేడుతో గీకండి, లోపల తెల్లగా ఉంటే అదే. మార్చేయండి, పీడా పోతుంది.

బిట్టుబాబాయ్: గీకమని మీరే అంటారు, గీకకముందే మార్చమనీ మీరే అంటారు.

లాగ్‌బుక్‌అక్క: ఇద్దరూ నాడి పట్టకుండానే మందు రాస్తున్నారు. పైగది గారూ, రెండు కమాండ్ విండోలు తెరిచి ఆగకుండా పింగ్ పెట్టండి, అంటే "ఉన్నావా?" అని అడిగి జవాబు వస్తోందో లేదో చూడటం. ఒకటి మీ రూటర్ అడ్రస్‌కి, ఇంకోటి ఇంటర్నెట్‌లోని గూగుల్ సర్వర్ 8.8.8.8కి. రెండోది ఒక్కటే ఆగితే గొడవ మీ ఇంటి బయట. రెండూ ఆగితే ఇంట్లోనే. తెగి వచ్చాక లింక్ స్పీడ్, అంటే కంప్యూటర్‌కీ రూటర్‌కీ మధ్య వేగం, ఎంతో చూడండి. అదే వైరుకి వేరే ల్యాప్‌టాప్ తగిలించండి. ఇది ఎప్పటి నుంచి?

పైగది: రెండు పింగ్‌లూ ఒకేసారి ఆగాయి. లింక్ స్పీడ్ పొద్దున 1000 ఎంబీపీఎస్, తెగాక 100. మా ఆవిడ ల్యాప్‌టాప్‌కీ అదే తంతు. మూడు నెలల క్రితం ప్లాన్ పెంచి, 100 ఎంబీపీఎస్ పోర్టులున్న పాత రూటర్ తీసి గిగాబిట్‌ది, అంటే 1000ది, పెట్టాకే మొదలైంది.

బిట్టుబాబాయ్: సరే, కార్డు తప్పు కాదు, ఒప్పుకున్నా. కానీ కేబుల్ మారలేదు, రూటర్ మారింది. దోషి రూటరే.

లాగ్‌బుక్‌అక్క: పప్పులో కాలేశారు బాబాయ్. కేబుల్‌లో ఎనిమిది తీగలు రెండేసి మెలిపెట్టి నాలుగు జతలుగా ఉంటాయి. 100కి 1-2, 3-6 పిన్నుల రెండు జతలు చాలు, గిగాబిట్‌కి నాలుగు జతలూ కావాలి. పాత రూటర్ ఎప్పుడూ అడగని పని కేబుల్‌ని కొత్తది అడుగుతోంది. రూటర్ పక్కనే చిన్న వైరుతో ల్యాప్‌టాప్ పెట్టి చూడండి. గోడ కేబుల్ రెండు చివరలా రంగుల వరస కూడా చెప్పండి.

పైగది: రూటర్ పక్కన గంటన్నర కూర్చున్నా, ఒక్కసారీ తెగలేదు. రంగులు ఇవి: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, ఆకుపచ్చ, తెలుపు-నీలం, నీలం, తెలుపు-గోధుమ, గోధుమ. రెండు వైపులా ఇదే. పద్ధతిగానే ఉంది కదా?

బెజవాడక్రింపర్: దొరికాడు దొంగ! చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది కానీ తప్పు. 3, 6 పిన్నుల్లో ఒకే మెలికలోని జత ఉండాలి. మీకు 3లో తెలుపు-ఆకుపచ్చ, 6లో నీలం. జత విడిపోతే మెలిక వేసిన ప్రయోజనమే పోతుంది, ఒక జత సిగ్నల్ ఇంకోదాంట్లోకి దూరుతుంది. రెండు చివరలా ఒకే తప్పు కాబట్టి టెస్టర్‌కి అన్నీ సరిగ్గానే కనిపించాయి. 100 దగ్గర కూడా నష్టమే, పాతిక మీటర్లే కాబట్టి ఎలాగో లాక్కొచ్చింది. రెండువైపులా నాలుగో చోట నీలం, ఆరో చోట ఆకుపచ్చ పెట్టి కొత్త ప్లగ్గులు క్రింప్ చేయించండి, అంటే నొక్కి బిగించడం. గోడ చెక్కక్కర్లేదు.

బిట్టుబాబాయ్: మరి "మార్చేయండి, పీడా పోతుంది" అన్నదెవరన్నా?

బెజవాడక్రింపర్: నేనే. గీకారా మరి?

పైగది: గీకాను, లోపలా ఎర్రగానే ఉంది. రాగే. ప్లగ్గులు మార్చడం పది నిమిషాల పని. మూడు రోజులుగా 1000 దగ్గరే ఉంది. నిన్న సాయంత్రం ఒకసారి తెగింది, కాకపోతే అప్పుడు ఫ్యాన్ కూడా ఆగింది లెండి.

లాగ్‌బుక్‌అక్క: ఆ పైపులో కరెంటు తీగలు కూడా ఉన్నాయా?

పైగది: ఫ్యాన్‌వీ ట్యూబ్‌లైట్‌వీ ఉన్నాయి.

బిట్టుబాబాయ్: నడుస్తోందిగా, కదపకండి.

లాగ్‌బుక్‌అక్క: నేననేది నెట్ సంగతి కాదు బాబాయ్. 230 వోల్టుల తీగ పైపొర ఒలిచిపోయి కేబుల్‌కి తగిలితే అది కంప్యూటర్ దాకా వస్తుంది. రెండూ ఒకే పైపులో ఉండకూడదు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి, లాన్ కేబుల్‌ని గోడ మీదుగా పీవీసీ పట్టీలో తీసుకెళ్లండి.

పైగది: కొత్త పెయింట్ మీద తెల్ల పట్టీ! ఈ మాట మా ఆవిడకు మీ ముగ్గురిలో ఎవరు చెబుతారు?